స్నేహపాశము

గృహస్థుని జీవితమున మనుమని ముఖము చూచిన దినమువంటి దినము మరియొకటి లేదు. కుమారుడు జనించిననాడు తండ్రికి సంతోషముతోపాటు బాధ్యతయు మీదబడును. బిడ్డను పెంచవలెను, చదివింపవలెను, ఒక దారికి చేర్పవలెను అను చింత ఆ సంతోషమును సగము హరించును. మనుమడు జనించిననాడు అట్టి చింత లేదు. ఆ భారమును వహించుటకు వాని తల్లిదండ్రులున్నారు. తాతకును అవ్వకును మిగిలినది కేవలానందమే. అందుచేతనే అసలుకంటె వడ్డీ ముద్దు అను సామెత తెలుగునాట పుట్టినది.

ఇంత మధురమైన యీ దర్శనమును ధర్మశాస్త్రకారులు ఏ సందర్భమున స్మరించిరో గమనించినచో ఆశ్చర్యము కలుగును. మనుస్మృతి ఆరవ అధ్యాయమున వానప్రస్థమును గూర్చి చెప్పుచు, గృహస్థుడు తన దేహమున ముడుతలను, తలపై నెరసిన వెండ్రుకలను, తన సంతానమునకు కలిగిన సంతానమును చూచినప్పుడు అరణ్యము నాశ్రయింపవలెనని మనువు విధించెను. ముడుతలు, నెరసిన వెండ్రుకలు, మనుమడు! మొదటి రెండును ఎవరికిని ఇష్టములు కావు. మూడవది అందరికిని ప్రాణము. ఐనను శాస్త్రము ఈ మూడింటిని ఒకే వరుసలో నిలిపి, ఇవి ఒకే వార్తను తెచ్చిన దూతలని సూచించుచున్నది. ఇంతకాలము గట్టిగా పట్టుకొన్నదానిని మెల్లగా విడువవలసిన సమయము వచ్చినదనునదే ఆ వార్త. మనుమని నెత్తుకొనుటకు చేతులు చాచు తాత, ఆ చేతులలో అంతవరకు నున్న దేదియో క్రింద పెట్టవలసియున్నాడు.

అట్లయిన మనుమలమీది ప్రేమ భగవన్మార్గమున అడ్డుగోడయా, లేక మెట్టా? ఇది గ్రంథములలో మాత్రమే తేలవలసిన ప్రశ్న కాదు. పెద్దలొకచోటను పిల్లలు వేరొకచోటను నివసించు ఈ కాలమున అనేక గృహములందు ఈ ప్రశ్న ఉదయించుచున్నది. భిలాయివంటి పట్టణమున అది మరింత స్పష్టముగా గోచరించును.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములకు కుదిరిన ఒడంబడిక ననుసరించి దుర్గు జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారము వెలసినది. అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు ప్రారంభించెను. నాడు మధ్యప్రదేశమున నున్న ఆ ప్రాంతము 2000 నవంబరు 1వ తేదీనుండి ఛత్తీసుగఢ రాష్ట్రమున చేరినది. దేశపు నలుమూలలనుండియు జనులు పనికై అచ్చటికి వచ్చిరి. వారిలో తెలుగువారు తక్కువవారు కారు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పార్వతీపురము, రాయగడ మీదుగా రాయపురమునకు పోవు రైలుమార్గమున ఎందరో యువకులు ఒక పెట్టెయు ఒక పరుపుచుట్టయు చేతబట్టుకొని ఆ నేలపై దిగిరి. సెక్టారులుగా విభజింపబడిన ఆ పట్టణమున కాపురములు పెట్టిరి. సెక్టారు 5లో బాలాజీ మందిరము వెలసినది. ఏడుకొండలవాని సన్నిధిని తెలుగుమాట వినబడినప్పుడు, ఊరు విడిచి వచ్చితిమను బెంగ వారికి కొంత తీరెను.

కాలచక్రము తిరిగినది. నాటి యువకులు వృద్ధులైరి. వారి పిల్లలు ఆ పట్టణపు పాఠశాలలలో చదివి, హైదరాబాదునకు, బెంగుళూరునకు, కొందరు సముద్రములు దాటి అమెరికాకు పోయిరి. ఒకప్పుడు తాము తమ తల్లిదండ్రులను ఏ విధముగా విడిచి వచ్చిరో, ఆ విధముగనే తమ పిల్లలు తమ్ము విడిచి పోవుటను ఆ వృద్ధులు చూచిరి. ఇక వారికి మిగిలినది సెలవులకై ఎదురుచూచుట.

అట్టి యొక గృహమును భావింపుడు. అందు వృద్ధదంపతు లిరువురు. కుమారుడు హైదరాబాదున, కుమార్తె బెంగుళూరున. కుమార్తెకు శిశువు కలిగి ఆరవ మాసము వచ్చినది. అన్నప్రాశనము తాతగారి యింటనే జరుగవలెనని నిశ్చయమైనది. పదునైదు దినములు ముందుగనే అమ్మమ్మ జంతికలకు పిండి పట్టించినది. కుంకుడుకాయలు ఎండబెట్టినది. మెత్తని పాతచీరలను ఉతికి శిశువునకు పక్కబట్టలు కుట్టినది. తాతయ్య పెరటిలోని జామకాయలను ఎవరిని ముట్టనీయక కాచుచుండెను. పెద్ద మనుమలను మైత్రీబాగునకు తీసికొనిపోయి తెల్లపులిని చూపవలెనని ఆయన సంకల్పము. 1972లో భారత సోవియట్ మైత్రికి గురుతుగా ఏర్పడిన ఆ ఉద్యానమునకు తన పిల్లలను చేయిపట్టి నడిపించిన దినములు ఆయనకు జ్ఞప్తికి వచ్చుచున్నవి.

అందరును వచ్చిరి. శుభముహూర్తమున శిశువునకు పరమాన్నము తినిపించిరి. పిదప చాపపై పుస్తకము, కలము, బంగారము, అన్నపుగిన్నె వరుసగా పెట్టి శిశువును విడిచిరి. వాడు దేనిని పట్టుకొనునో యని అందరును ఊపిరి బిగబట్టి చూచిరి. వాడు పాకిపోయి పుస్తకముపై చేయి వైచెను. అందరును చప్పట్లు కొట్టిరి. కాని అక్కడ ఎవరును గమనింపని విషయ మొకటి కలదు. శిశువు పుస్తకమును పట్టుకొనెను. పెద్దవారు శిశువును పట్టుకొనిరి. వాని పట్టు మరుక్షణముననే జారిపోయినది. వారి పట్టు జారలేదు.

పది దినములు పది గడియలవలె గడచినవి. దుర్గు స్టేషనులో రైలు కదలినది. కిటికీనుండి చిన్నచేతులు ఊగుచుండగా అమ్మమ్మ కొంగు నోటి కడ్డము పెట్టుకొని, 'మరల మీరు వచ్చునప్పటికి మేముందుమో లేదో' అనెను. ఆ మాట విని కుమార్తె దారి పొడుగునను విలపించెను. ఇంటికి వచ్చిన వృద్ధులకు తీగపై మరచిపోయిన చిన్నచొక్కా కనబడినది. ఆ రాత్రి పొయ్యి వెలుగలేదు. మరునాటి సాయంకాలము మందిరమునకు పోవుటకు కాళ్లు రాలేదు. పిల్లలున్న దినములలో తీరిక లేక పూజ తప్పినది. పిల్లలు పోయిన పిదప మనసు లేక పూజ తప్పినది. రాకకును పోకకును నడుమ భగవంతునికి చోటు లేకపోయినది. దీపము వెలుగని ఆ పూజాగృహమే యీ విషయమున ఆలోచింపవలసిన చోటు.

దీనికి మందు ప్రేమను చంపుకొనుట యని కొందరు తలంతురు. మనుమలు మాయ యని, రాగము బంధమని, పెదవులతో పలుకుచు హృదయమును రాయి చేసికొన యత్నింతురు. ఆ యత్నము ఫలింపదు. ఫలించినను అది భక్తి కాదు. భాగవతము చూపిన త్రోవ వేరు. ప్రథమస్కంధమున కుంతీదేవి చరితమును పరిశీలించినచో అది తెలియును.

కురుక్షేత్రయుద్ధము ముగిసినది. అభిమన్యుడు పద్మవ్యూహమున కూలెను. ద్రౌపది పుత్రులైదుగురు నిద్రలో హతులైరి. పాండవవంశమునకు మిగిలిన యంకుర మొక్కటే, ఉత్తర గర్భమునందలి శిశువు. ఆ శిశువు కుంతికి మనుమని కుమారుడు. దానిపైకిని అశ్వత్థామ బ్రహ్మాస్త్రమును ప్రయోగించెను. ఉత్తర శ్రీకృష్ణుని శరణు జొచ్చి, తానేమైనను సరియే, గర్భము నిలువవలెనని వేడుకొనెను. భగవానుడు ఆ గర్భమును తన మాయచే ఆవరించి రక్షించెను. వంశము నిలిచినది. ముసలితనమున ఇంతకు మించిన ఆనందము ఏ స్త్రీకి కలుగగలదు?

సరిగా ఆ సమయముననే శ్రీకృష్ణుడు ద్వారకకు బయలుదేరుటకై రథము నధిరోహించెను. ఆయన కుంతికి మేనల్లుడు. ఆత్మబంధువు ఇల్లు విడిచి పోవుచున్నాడు. ముసలితల్లి రథముకడ నిలిచియున్నది. దుర్గు స్టేషనులో జరిగినదే నాడు హస్తినాపురమునను జరిగినది. కుంతి దుఃఖింపలేదా? దుఃఖించినది. నిన్నే నమ్మియున్న మమ్ము విడిచి పోదువా యని అడిగినది. నీవు లేనిచో ఈ భూమికి శోభ లేదని పలికినది. ఆమె హృదయము రాయి కాదు.

కాని ఆమె అంతటితో ఆగలేదు. పాండవులయందును వృష్ణులయందును తనకు గల గట్టి స్నేహపాశమును ఛేదింపుమని ఆ పోవువానినే ప్రార్థించినది. పాండవులు ఆమె పెంచినవారు. వృష్ణులు ఆమె పుట్టినింటివారు. కృష్ణుడు పోయినచో పాండవులకు దుఃఖము, పోకున్నచో వృష్ణులకు దుఃఖము. ఎటుచూచినను తన హృదయమే నలుగుచున్నది. కుమారునియింట నున్నప్పుడు కుమార్తెకై, కుమార్తెయింట నున్నప్పుడు కుమారునికై తపించు నేటి తల్లుల స్థితియు నిట్టిదే. పాశము రెండు కొసలనుండియు లాగును.

ఆ వెనువెంటనే కుంతి మరియొక వరము కోరెను. గంగాప్రవాహము సముద్రమునకు పోవునట్లు తన మనసు ఎడతెగక భగవంతునియందే ప్రవహింపవలెనని ఆ కోరిక. ఈ రెండు కోరికలను కలిపి చదువవలెను. మొదటిదానిని మాత్రమే చదివినవాడు ప్రేమను విడువుమని శాస్త్రము చెప్పినదని పొరబడును. కుంతి కోయుమన్నది తాడును, కోరుకొన్నది ధారను. తాడు ఒక కొసనుండి మరియొక కొసకు బిగించి కట్టును. ధార ఒడ్డుల రెంటిని తడుపుచు ముందునకు సాగును. గంగ తాను తడిపిన పైరును తనతో లాగుకొనిపోదు, పైరుకడనే నిలిచిపోదు. మనుమలమీది ప్రేమయు అట్లు పారినచో అది భగవంతుని చేరును.

ఈ తత్త్వమును గ్రహించుటకు భిలాయివాసులకు వేరొక గురువు అక్కరలేదు. వారు చేసిన పనియే గురువు. 1960లో అక్కడ రైలుపట్టాల మిల్లు పని ప్రారంభించినది. నాటినుండి భారతీయ రైల్వేలకు పట్టాలు అక్కడనుండి పోవుచున్నవి. నేడు 260 మీటర్ల పొడవుగల పట్టాలను సిద్ధపరచి పంపుచున్నారు. పట్టా చేయు పని యేమి? అది రైలు బరువును మోయును. దారి తప్పనీయదు. పడిపోనీయదు. కాని రైలును పట్టి ఆపదు. వచ్చినప్పుడు మోసినట్లే పోవునప్పుడును మోయును. ఏ తాత యౌవనమంతయు ఆ మిల్లు వేడిలో గడపెనో, ఆ తాత పిల్లలు అట్టి పట్టాలపైననే దూరమునకు పోయిరి, అట్టి పట్టాలపైననే తిరిగి వచ్చుచున్నారు. 2024 సెప్టెంబరులో దుర్గు, విశాఖపట్టణముల నడుమ వందేభారత్ రైలు ప్రారంభమైనది. ప్రయాణకాలము తగ్గినది. కాని రైలు ఎంత వేగముగా పరుగిడినను హృదయమునందలి తాడు తెగదు. దానిని తెంపుట భగవంతుని పని. తెంపుమని యడుగుట మనుష్యుని పని.

పెద్దలు అట్లు అడుగుట పిల్లలకును మేలు. 'మేముందుమో లేదో' అను మాట ప్రేమనుండియే పుట్టినది. ఐనను అది పోవువారి మెడకు తాడై తగులుకొనును. అట్టి మాటలు పెక్కుసార్లు విన్న పిల్లలకు రాకపోకలు వేడుక కాక భయమగును. 'తండ్రీ, నీ విచ్చినవారిని నీకే యప్పగించుచున్నాను' అని లోలోపల తలచుకొని నవ్వుచు సాగనంపు తల్లి, బిడ్డకు దారిబత్తెము నిచ్చినదగును.

ఉత్తర గర్భమున రక్షింపబడిన శిశువు కథ అంతటితో ముగియలేదు. అస్త్రజ్వాలలచే తపించుచు తల్లి గర్భమునందున్నప్పుడు ఆ శిశువు, బొటనవ్రేలంత రూపముతో, పీతాంబరము ధరించి, గదను త్రిప్పుచు తనచుట్టును తిరుగుచున్న దివ్యపురుషుని చూచెను. పుట్టిన పిదప ఎదుటికి వచ్చిన ప్రతి మనుష్యుని ముఖమును చూచి, ఆనాడు చూచినవాడు ఇతడేనా యని పరీక్షించుచుండెనట. అందుచేతనే వానికి పరీక్షిత్తు అను పేరు వచ్చినదని భాగవతము చెప్పుచున్నది.

ఏ తాత, ఏ అమ్మమ్మ శిశువును ఒడిలో పెట్టుకొన్నను, ఆ కన్నులు రెప్పవాల్చక తమ ముఖమును చూచుటను ఎరుగుదురు. తాము శిశువును చూచుచున్నామని వారు తలంతురు. శిశువు కూడ వారిని పరీక్షించుచున్నాడు. ఆ ముఖములలో వానికేమి కనబడవలెను? ఎప్పుడు వత్తువు, ఎప్పుడు పోవుదువు అను ఆతురతయా? లేక తనచుట్టును గదను త్రిప్పిన రక్షకుని నీడయా? మనుమల రాకకై ఇల్లు సిద్ధపరచువారు, ముందుగా సిద్ధపరచుకొనవలసినది ఆ ముఖమును.

అందుకు గొప్ప నియమము లక్కరలేదు. పిల్లలు వచ్చిరని సంధ్యాదీపము మానరాదు. వారినే చేరబిలిచి, వత్తి వేయుట, నూనె పోయుట నేర్పవలెను. బెంగుళూరున ఇంగ్లీషును, భిలాయిలో హిందీని వినుచు పెరుగు పసివారికి, నిదురించుటకు ముందు తెలుగున ఒక కథ చెప్పవలెను. ధ్రువుడు, ప్రహ్లాదుడు, మొసలినోట చిక్కిన గజరాజు, వీరందరును పోతనామాత్యుని ఇంటినుండి బయలుదేరి తెలుగుపిల్లల యిండ్లకు వచ్చిన చుట్టములే. జంతికలు రెండు దినములలో తరుగును. తెచ్చిన బట్టలు ఏటికేడు పొట్టియగును. చెప్పిన కథ మాత్రము బిడ్డతో రైలెక్కి పోయి, తాత లేని కాలమునను వానితో నుండును.

భిలాయికి తూర్పున కొన్ని క్రోసుల దూరముననున్న రాయపురమునకు 1877లో పదునాలుగేండ్ల బాలుడొకడు ఉద్యోగార్థము అచ్చటనున్న తండ్రికడకు ప్రయాణమై వచ్చెను. ఎడ్లబండి అడవిదారిని పోవుచుండగా, రెండు కొండల సందున చాలకాలముగా తేనెటీగలు కట్టిన మహత్తరమైన తేనెపట్టు వాని కంటబడెను. దానిని చూచి జగత్కర్త మహిమను తలచుకొనుచు ఆ బాలుడు బాహ్యస్మృతిని కోల్పోయెను. ఆ బాలుడే అనంతరకాలమున స్వామి వివేకానందుడయ్యెను. రైలు కిటికీకడ ముఖమానించి కూర్చున్న మనుమడు ఏమి చూచుచున్నాడో, ఏ క్షణమున ఏ వెలుగు వానిని తాకునో పెద్దల కేమి తెలియును? వాడు తమ యింటికి మాత్రమే వచ్చుచున్నాడని వారు తలంపరాదు. వాడు వేరొక యింటికిని ప్రయాణము చేయుచున్నాడు.

మనుమలు లేనివారి మాటయో? ఉండియు ఏండ్ల తరబడి రానివారి పెద్దల మాటయో? వారికి ఈ ఆనందము నిషిద్ధమా? కాదని కామారహాటిలోని యొక వృద్ధురాలి జీవితము చాటుచున్నది. అఘోరమణీదేవి బాల్యముననే భర్తను కోల్పోయినది. ఆమెకు బిడ్డలు లేరు. గంగాతీరమున చిన్నగదిలో నివసించుచు, గోపాలుని బిడ్డగా భావించి పెక్కేండ్లు జపము చేసెను. 1884లో శ్రీరామకృష్ణులను దర్శించెను. పిదప ఆమెకు బాలగోపాలుని దర్శనము కలుగ, గోపాలుని తల్లి అను పేరు వచ్చినది. ఆచారమునందు మిక్కిలి నిష్ఠగల ఆ వృద్ధ 1898లో తనను చూడవచ్చిన పాశ్చాత్యస్త్రీలను గడ్డము పట్టుకొని ముద్దాడి, తన యొద్దనున్న మరమరాలు పెట్టి ఆదరించెను. వారియందును ఆమెకు గోపాలుడే కనబడెను. కడపటి దినములలో ఆమెకు సేవచేసినది ఐర్లండున జనించిన సోదరి నివేదిత. 1906లో ఆ తల్లి గంగాతీరమున తనువు చాలించెను. రక్తసంబంధము లేని బిడ్డలు ఆమెకు కలిగిరి. బిడ్డ లేని ఒడి బిడ్డలతో నిండినది.

భిలాయిలో ఒక యింట బెంగాలీలు, ప్రక్కయింట మలయాళీలు, ఎదుటియింట ఛత్తీసుగఢీయులు నివసించుట సామాన్యము. మనుమలు పోయిన మరునాడు, డబ్బాలో మిగిలిన జంతికలను చూచి కన్నీరు కార్చుటకు బదులు, వీధిలో ఆడుకొనుచున్న పొరుగింటి బిడ్డను పిలిచి పెట్టిన అమ్మమ్మ, గోపాలుని తల్లి నడచిన దారిన ఒక యడుగు వేసినదగును. ఆ సాయంకాలము ఆమె కాళ్లు మందిరమువైపు తమంతట తామే నడచును.

మనువు చెప్పిన అరణ్యము నేడెక్కడ? అడవికి పోవుమని నేడు ఎవరును కోరరు, పోవుట సాధ్యమును కాదు. ఐనను మనుమని ముఖము తెచ్చిన వార్త అబద్ధము కాలేదు. తనదను పట్టును సడలించి, ఆ బిడ్డను ఇచ్చినవానికి ప్రతిదినము అప్పగించు ఇల్లే వానప్రస్థమగును. అట్టి యింటికి పిల్లలు వచ్చినప్పుడు పండుగ, పోయినప్పుడు ప్రార్థన. తీగపై మరచిన చిన్నచొక్కాను మడచి, దేవుని పీటముకడ పెట్టి, దీపము వెలిగించిన వృద్ధులకు ఆ రాత్రి ఇల్లు శూన్యమని తోచదు. రక్షించినవాడు ఆ బిడ్డతో రైలులోను ఉన్నాడు, ఆ దీపముకడను ఉన్నాడు.